అత్తయ్య అడగని సగం

అత్తయ్య పోయిందన్న సంగతి నాకు చెప్పింది మామయ్య కాదు, పక్కింటి వాల్టర్. మామయ్య నంబరైతే తిప్పాడు గానీ, నా గొంతు వినగానే ఆయనకి మాట రాలేదు. "మామయ్యా, ఏమైంది?" అని నేను అడుగుతూనే ఉన్నాను. అవతల ఊపిరి చప్పుడు తప్ప ఏమీ లేదు. తర్వాత రిసీవరు చేతులు మారింది. డెబ్భై ఏళ్ళ అమెరికన్ గొంతు నా పేరుని ఎప్పటిలాగే తప్పుగా పలికి, ఇంగ్లీషులో నెమ్మదిగా చెప్పింది. మీ ఆంటీ చనిపోయింది బాబూ, వెంటనే బయల్దేరి రా.

అప్పుడు నేను స్టాక్‌టన్‌లో ఒక స్నేహితుడి ట్రక్కులో సామాన్లు మోసే పనిలో ఉన్నాను. ఆ పనిలో చేరి ఐదు రోజులైంది. వాడి షెడ్డులో ఫోన్ తీసేసరికి చేతిలో ఎవరిదో డైనింగ్ టేబుల్ కాలు ఉంది. దాన్ని ఎక్కడ పెట్టాలో తోచక, ఫోన్ పెట్టేశాక కూడా చాలాసేపు అలాగే పట్టుకుని నుంచున్నాను.

ఆ శనివారం అత్తయ్య ఓవర్‌టైముకి వెళ్ళింది. చిప్పులు తయారుచేసే ఫ్యాక్టరీలో మైక్రోస్కోపులోకి చూస్తూ వెంట్రుక కంటే సన్నటి తీగలు అతికించే పని ఆవిడది. లంచ్ టైములో కళ్ళు లాగుతున్నాయని చెప్పి, పార్కింగ్‌లో కారు సీటు వెనక్కి వాల్చుకుని పడుకుందట. టైమైపోయినా తిరిగి రాలేదు. పక్క సీటులో పనిచేసే ఫిలిప్పినో ఆవిడ వెళ్ళి అద్దం మీద తట్టింది. గుండె, అన్నారు డాక్టర్లు. అత్తయ్యకి యాభై రెండేళ్ళు.

మీలో చాలామంది ఆవిడని చూసే ఉంటారు. ఉగాదికి ఇక్కడి స్కూలు హాల్లో మన తెలుగువాళ్ళందరం కలిసినప్పుడు వెనక వరసలో, తలుపు దగ్గరి కుర్చీలో కూర్చునేది. పక్కనే మా తాతయ్య, అంటే ఆవిడ మామగారు. ఆయన చెయ్యి ఎప్పుడూ ఆవిడ చేతిలో ఉండేది. "కోడలంటే అలా ఉండాలమ్మా" అని ఆంటీలు అనుకోవడం నేను విన్నాను. ఆ చెయ్యి వదిలితే ఆయన లేచి వీధిలోకి వెళ్ళిపోతాడని, వెళ్తే తిరిగి రాలేడని మీకెవరికీ తెలీదు. "మావయ్యగారికి చెవులు వినపడవండి, అందుకని పట్టుకుంటాను" అని అందరికీ చెప్పేది. తాతయ్య చెవులు భేషుగ్గా ఉన్నాయి. పోయింది జ్ఞాపకం.

ఈ సంగతి ఇలా పదిమందికీ రాస్తున్నానని తెలిస్తే ఆవిడ నా చెవి మెలిపెట్టి ఉండేది. అయినా రాస్తున్నాను. దాచినందువల్ల ఏమైందో నేను దగ్గరుండి చూశాను.

నా గురించి కాస్త చెప్పాలి. డెబ్భై తొమ్మిదిలో మామయ్య మమ్మల్ని పిలిపించుకున్నాడు. అమ్మా నాన్నా ఫ్రెస్నో దగ్గర ఒక మోటెల్లో పనికి కుదిరారు. నన్ను చదువు కోసం సన్నీవేల్‌లో మామయ్య ఇంట్లో పెట్టారు. నేను చదవలేదు. పదకొండో క్లాసు మధ్యలో మానేశాను. నాన్న ఫోన్‌లో తిట్టాడు, అమ్మ ఏడ్చింది, మామయ్య నెల రోజులు నాతో మాట్లాడలేదు. అత్తయ్య ఒక్కతే, ఆ మర్నాడు నేను పదింటికి లేచి వంటింట్లోకి వస్తే, "స్కూలు మానేశావు సరే. ఇడ్లీలు మాత్రం ఏడింటికే వేడిగా ఉంటాయి, అది చూసుకో" అంది. అంతే, మళ్ళీ ఆ ఊసెత్తలేదు.

తర్వాత గ్యాస్ స్టేషన్, పిజ్జా కొట్టు, కార్లు కడిగే చోటు. ఎక్కడా మూడు నాలుగు నెలలు దాటి లేను. "ఒరేయ్, కనీసం కుర్చీ వేడెక్కేదాకా అయినా కూర్చోరా" అనేది అత్తయ్య. తిట్టినట్టు ఉండేది కాదు. చివరికి లంబర్ యార్డ్‌లో చేరాను. మన వైపు కలప అడితి లాంటిదే, కాకపోతే ఫుట్‌బాల్ గ్రౌండంత ఉంటుంది. అక్కడే మొదటిసారి పనంటే ఇష్టం కలిగింది. కోసిన రెడ్‌వుడ్ వాసన బట్టలకి పట్టేసి, ఇంటికొస్తే "వచ్చాడమ్మా వడ్రంగి" అని నవ్వేది.

తాతయ్య మన దేశంలో పోస్టుమాన్. ముప్ఫై ఏళ్ళు ఐదూళ్ళు కాలినడకన తిరిగాడు. ఉత్తరం ఇవ్వడమే కాదు, చదవడం రానివాళ్ళకి అరుగు మీద కూర్చుని చదివిపెట్టేవాడు, జవాబు రాసిపెట్టేవాడు. అమ్మమ్మ పోయాక మామయ్య ఇక్కడికి తీసుకొచ్చాడు. రెండేళ్ళు బాగానే ఉన్నాడు. తర్వాత ఒకరోజు మధ్యాహ్నం, అత్తయ్య బియ్యం కడుగుతుండగా, మా వీధిలో పన్నెండిళ్ళ మెయిల్‌బాక్సులూ తెరిచి, అందులో ఉన్న ఉత్తరాలన్నీ తీసి, చంకలో పెట్టుకుని, ఒక్కొక్కటే ఎవరింటిదో చూడకుండా మళ్ళీ పంచేశాడు.

అత్తయ్య ఆయన్ని ఇంట్లో కూర్చోబెట్టి, నన్ను వెంటేసుకుని, ఇంటింటికీ తిరిగి ఎవరివి వాళ్ళకి ఇప్పించింది. ప్రతి గుమ్మం దగ్గరా ఏదో ఒక సాకు, "సారీ, మా మావయ్యగారికి కళ్ళు సరిగ్గా కనపడవు." ఒక ఇంట్లో చెవులు, ఒక ఇంట్లో కళ్ళు. "అత్తయ్యా, రేపు వీళ్ళంతా కలిసి మాట్లాడుకుంటే తాతయ్య గుడ్డివాడూ చెవిటివాడూ అయిపోతాడు" అన్నాను. దారి పొడవునా నవ్వింది. ఇంటి గుమ్మంలోకి వచ్చాక నవ్వు ఆపేసి, "మతి లేదు అనడం కంటే నయమే కదరా" అంది.

ఇంకో రెండుసార్లు అలాగే జరిగింది. మూడోసారి ఉత్తరాలు తెచ్చే అతను స్వయంగా తలుపు కొట్టి, మర్యాదగానే చెప్పాడు, మళ్ళీ ఇలా జరిగితే పైవాళ్ళకి చెప్పక తప్పదని. అదే నెలలో ఒకసారి తాతయ్య పెద్ద రోడ్డు మధ్యలో నుంచుని ఉంటే పోలీసులు తీసుకొచ్చి దింపారు.

మామయ్య పొద్దున్న ఏడింటికి డ్యూటీకి వెళ్ళి నాలుగున్నరకి వచ్చేవాడు. అత్తయ్య మూడింటికి వెళ్ళేది. మధ్యలో గంటన్నర నేను చూసుకునేవాణ్ణి, లంబర్ యార్డ్‌లో పొద్దున్న షిఫ్ట్ నేను అడిగి తీసుకున్నది అందుకే. పగలంతా తాతయ్యతో అత్తయ్య ఒక్కతే. స్నానానికి వెళ్ళాలన్నా, అరగంట కన్ను మూయాలన్నా ఆయన గదికి బయట గొళ్ళెం పెట్టాల్సి వచ్చేది. ఆ గొళ్ళెం మామయ్యే బిగించాడు.

"ఆయన తలుపు కొట్టరురా. అరవరు. కొడితే నాకు బాగుండును" అని ఒకరోజు చెప్పింది. "గొళ్ళెం తీసేసరికి తలుపుకి ఇంత దూరంలో, మొహం తలుపు వైపే పెట్టుకుని నుంచుని ఉంటారు. ఎంతసేపట్నించి నుంచున్నారో తెలీదు. 'ఏవమ్మా, అయిపోయిందా?' అంటారు. నా వల్ల కావట్లేదురా."

ఆ చలికాలం గాలివానకి మా పెరటికి ఎడమ పక్క ఫెన్స్ కూలిపోయింది. వెనకా కుడి పక్కా గట్టిగానే ఉన్నాయి. ఎడమవైపు వాల్టర్ ఇల్లు. భార్య పోయి ఒంటరిగా ఉండే మనిషి. ఆయన పెరట్లోంచి నేరుగా వీధిలోకి దారి ఉంది. తాతయ్య మాయమయ్యేది అటునుంచే.

ఒక శనివారం మామయ్య ముసలివాళ్ళని చూసుకునే ఒక హోమ్‌కి వెళ్ళి చూసొచ్చాడు. పేరు రాయించి వచ్చాడు. ఆ సాయంత్రం వంటింట్లో వాళ్ళిద్దరూ మాట్లాడుకోవడం నాకు వినపడింది.

"శుభ్రంగా ఉంది. నర్సులున్నారు" అన్నాడు మామయ్య.

"పప్పు ఉందా?"

"అదేం ప్రశ్న?"

"ఆయన ఇంగ్లీషులో ఆకలేస్తోందని చెప్పగలరా? చెప్పండి."

అత్తయ్యే మళ్ళీ అంది, "ఎడమ పక్క దడి కట్టిద్దాం. పెరట్లో ఆయన ఇష్టం వచ్చినట్టు తిరుగుతారు. గొళ్ళెం తీసి పారేస్తాను. అప్పటికీ కుదరకపోతే మీ ఇష్టం, నేను అడ్డు చెప్పను. దడి ఖర్చు నాది."

ఫెన్స్‌ని ఆవిడ దడి అనే అనేది. తాటాకు దడులున్న ఊరినుంచి వచ్చిన మనిషి. అలా ఆ దడి మా ఇంట్లో ఒక మనిషి ఉండడానికీ పోవడానికీ మధ్య గీత అయి కూర్చుంది.

మామయ్య ఒక కాంట్రాక్టర్‌ని పిలిచాడు. అతను చుట్టూ చూసి పదమూడు వందలన్నాడు. అతను వెళ్ళగానే అత్తయ్య నా వైపు తిరిగింది. "నువ్వు కడితే ఎంతవుద్దిరా వడ్రంగీ?"

నా జన్మలో నన్ను అలా ఎవరూ అడగలేదు. ఆ ఆదివారం పెరట్లో టేపు పట్టి కొలిచాను. డెబ్భై రెండడుగులు. హద్దు వెంట చిన్న మేకులు కొట్టి తాడు కట్టాను. అత్తయ్య మెట్ల మీద కాఫీ గ్లాసు పట్టుకుని కూర్చుని, కూరగాయల బేరం ఆడినట్టు ఒక్కొక్క వస్తువునీ నిలదీసింది.

"స్తంభాలు పదెందుకు? ఎడం పెంచి ఆరు పెట్టు."

"వాలిపోద్ది అత్తయ్యా."

"సిమెంటు ఎందుకు? కర్ర మట్టిలో పాతితే నిలబడదా?"

"నాలుగు వానలకి పుచ్చిపోద్ది."

"ఇరవై బస్తాలా! ఇల్లు కడుతున్నావా దడి కడుతున్నావా?"

"గుంటకి రెండు."

"ఎత్తు ఆరడుగులెందుకు? నాలుగు చాలదూ?"

"తాతయ్య కాలు ఎత్తి అవతల వేస్తాడు. ముప్ఫై ఏళ్ళు కాలవలు దాటిన మనిషి."

"అదీ నిజమే." కాఫీ ఒక గుక్క తాగి ఆలోచించింది. "పోనీ చెక్కకీ చెక్కకీ మధ్య కాస్త సందు వదిలితే?"

లెక్క వేశాను. ముప్పాతిక అంగుళం వదిలితే ఇరవై దాకా చెక్కలు మిగులుతాయి. "మంచి ఐడియా అత్తయ్యా, డబ్బు తగ్గుద్ది" అన్నాను.

"డబ్బు కోసం కాదురా. ఆయనకి వీధి కనపడాలి. మనుషులు కనపడాలి."

లంబర్ యార్డ్‌లో పనిచేసేవాళ్ళకి నాలుగో వంతు తగ్గింపు. దాన్ని తీసేసి, మేకులతో సహా మొత్తం ఐదు వందల తొంభై అని తేల్చాను. ఆవిడ దగ్గర సగానికి పైగా ఉంది. జూలై ఆఖరుకి మిగతాది కూడబెడతానంది. అప్పుడు నాకు తెలిసిన ఒక ముక్క చెప్పాను. అడితిలో రోజూ వింటున్నదే.

"అత్తయ్యా, ఇక్కడ పద్ధతి ఏంటంటే, రెండిళ్ళ మధ్య ఫెన్స్ ఖర్చు రెండిళ్ళవాళ్ళూ చెరి సగం పెట్టుకుంటారు. మనం వెళ్ళి అడిగితే వాల్టర్ తన సగం ఇస్తాడు. అందరూ ఇస్తారు."

"ఎందుకు కావాలి అని అడుగుతాడు కదా?"

"పడిపోయింది కాబట్టి."

"పడిపోయి నాలుగు నెలలైంది. ఆయనకి ఇబ్బంది లేదు. ఇప్పుడే ఎందుకు, ఆరడుగులే ఎందుకు అంటాడు. ఏం చెప్పను?"

"తాతయ్య సంగతి చెప్పు."

గ్లాసు మెట్టు మీద పెట్టింది. "ఊరందరి ఉత్తరాలూ చదివిపెట్టిన మనిషిరా ఆయన. ఆయనకి మతి లేదని పక్కింటికెళ్ళి చెప్పి, దాని మీద డబ్బులడగాలా నేను?"

"అడిగితే పోయేదేముంది?"

"అడిగాక మిగిలేదేముంది?"

"పోనీ నేనడుగుతాను."

ఆవిడ లేచి వచ్చి, నా చెయ్యి తీసి తన తల మీద పెట్టుకుంది. "నా మీద ఒట్టు. అడగనని చెప్పు." చెప్పాను. ఆ చేతికి కొబ్బరినూనె అంటుకుంది. సాయంత్రం దాకా వాసన పోలేదు.

అవతల పెరట్లో వాల్టర్ గొట్టంతో గులాబీలకి నీళ్ళు పెడుతూ, మా తాడుని చూసి చెయ్యి ఊపాడు. అత్తయ్య కూడా నవ్వుతూ ఊపింది.

కలప కొనాల్సిన వారానికి ముందు వారం నేను లంబర్ యార్డ్ మానేశాను.

ఇంటికొచ్చి చెప్పినప్పుడు అత్తయ్య చపాతీలు ఒత్తుతోంది.

"ఎందుకురా?"

"సూపర్‌వైజర్ నన్ను 'చీఫ్' అని పిలుస్తాడు."

"పిలిస్తే?"

"అది నా పేరు కాదు. వందసార్లు చెప్పాను. ఇవాళ మళ్ళీ అన్నాడు. గ్లోవ్స్ వాడి బల్ల మీద పడేసి వచ్చాను."

"ఫ్యాక్టరీలో నన్ను 'హనీ' అంటాడు ఒకాయన, నీ ఈడువాడు. నేనేం పడేశాను?" అని నవ్వింది. నాకూ నవ్వొచ్చింది. ఇంకో చపాతీ ఒత్తింది. దాన్ని పెనం మీద వేసి, వెనక్కి తిరక్కుండానే అడిగింది.

"మరి ఆ తగ్గింపో?"

నిజంగా, ఆ క్షణం దాకా నాకు అది గుర్తు రాలేదు. ఐదు వందల తొంభై కాస్తా ఏడు వందల ఎనభై ఏడైంది. వెనక్కి వెళ్ళి వాడి కాళ్ళు పట్టుకుంటానన్నాను. "కాళ్ళెందుకురా, నడవడానికి ఉంచు వాటిని" అంది. చపాతీ మాడింది. అంతకు మించి ఒక్క మాట కూడా అనలేదు. అని ఉంటే ఎంత బాగుండేదో ఇప్పుడనిపిస్తోంది.

సెప్టెంబర్‌లో ఫ్యాక్టరీలో శనివారాలు ఓవర్‌టైమ్ ఇస్తామన్నారు. మామయ్య శనివారాలు ఇంట్లోనే ఉంటాడు కాబట్టి తాతయ్యని చూసుకుంటాడు. మూడు శనివారాలు చేస్తే తేడా వచ్చేస్తుందని అత్తయ్య పేరిచ్చింది. వారానికి ఐదు రోజులు ఆ మైక్రోస్కోపు చూసి, పగలంతా తాతయ్యని చూసి, ఆరో రోజు కూడా. "నీ మొహం ఉబ్బింది అత్తయ్యా" అన్నానొకసారి. "అందం పెరిగింది" అంది. నేను ఇంట్లో ఆవిడ మొహం చూడలేక స్టాక్‌టన్ వెళ్ళాను. డబ్బు సంపాదించి తెస్తానన్నాను. మధ్యాహ్నం ఆ గంటన్నర తాతయ్య కోసం మామయ్య కొన్నాళ్ళు పెందలాడే వస్తానన్నాడు. "తెద్దువుగాని, కలప కొనేనాటికి మాత్రం వచ్చెయ్. నువ్వు లేకపోతే ఆ స్తంభాలు నాకు పాతడం రాదు" అని, పెరుగన్నం డబ్బా కారు సీటు మీద పెట్టింది. అదే ఆఖరు.

రెండో శనివారం ఆవిడ పోయింది.

ఆ పదిరోజులూ మా ఇంటికి మీరు చాలామంది వచ్చారు, వండి తెచ్చారు. తాతయ్య హాల్లో సోఫా చివర కూర్చుని, వచ్చినవాళ్ళందరికీ దండం పెట్టాడు. తను ఎవరి ఇంటికి వచ్చాడో, ఎందుకు వచ్చాడో ఆయనకి తెలీదు. జనం పల్చబడ్డాక అడిగేవాడు, "అమ్మాయేదిరా?" కోడల్ని అమ్మాయి అనే పిలిచేవాడు. మొదటిసారి నేను నిజం చెప్పాను. ఆయన తువ్వాలు నోట్లో కుక్కుకుని ఏడ్చాడు. పావుగంటకి మళ్ళీ అడిగాడు. మళ్ళీ చెప్పాను. మళ్ళీ అంతే ఏడుపు, కొత్తగా విన్నట్టే. మూడోసారి నుంచి "పనికెళ్ళింది తాతయ్యా" అంటున్నాను. "శనివారం కూడానా?" అంటాడు ఒక్కోసారి. ఆ రోజు ఏ వారమైనా.

పన్నెండో రోజు పొద్దున వాల్టర్ వచ్చాడు. ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. మామయ్య ఎదురుగా కుర్చీ అంచున కూర్చుని, గొంతు సవరించుకున్నాడు. ఆయన ఇంగ్లీషులో అన్నది నాకు గుర్తున్నంతవరకూ ఇది.

"ఇప్పుడు ఎత్తాల్సిన మాట కాదేమో. కానీ ఆ ఫెన్స్ సంగతి. మే నెలలో ఈ అబ్బాయి తాడు కట్టినప్పుడు, ఇవాళో రేపో వచ్చి అడుగుతారనుకున్నాను. నా వాటా తీసి పక్కన పెట్టాను. మీరు రాలేదు. నేనే వచ్చి అడుగుదామనుకున్నాను. మీ నాన్నగారు రోజూ అటునుంచే మా వైపు వస్తారు కదా, అది మూసేద్దామని నేనంటే మీరు వేరేగా అనుకుంటారేమోనని ఊరుకున్నాను."

మామయ్య తల వంచుకుని వింటున్నాడు.

"నా భార్యకి ఆఖరి మూడేళ్ళూ ఇలాగే ఉండేది" అన్నాడు వాల్టర్. "మీ నాన్నగార్ని చూసిన మొదటి వారమే నాకు తెలిసింది. ఆయనకి కళ్ళు కనపడవని మీ ఆవిడ చెప్పింది. సరే అన్నాను. నేను కూడా అప్పట్లో జనానికి అలాంటివే ఏవో చెప్పేవాణ్ణి."

చెక్కు బల్ల మీద పెట్టి, దాని మీద గ్లాసు బరువు పెట్టి వెళ్ళిపోయాడు. అది ఆయన మేలో ఎక్కడో కనుక్కుని వేసుకున్న లెక్క. నాలుగు వందలు.

మామయ్య చాలాసేపు ఆ చెక్కుని ముట్టుకోలేదు. "ఇక్కడ పద్ధతి ఇదని నువ్వు చెప్పలేదా ఆవిడకి?" అన్నాడు.

"చెప్పాను."

"మరి?"

"ఒట్టు వేయించుకుంది."

ఆయన నా వైపు చూశాడు. తిడతాడేమో అనుకున్నాను. తిట్టే ఓపిక కూడా ఆయన దగ్గర లేదు. ఏడు వందల ఎనభై ఏడులో సగం ఎంతో నేను మనసులో అప్పటికే కట్టేశాను. అత్తయ్య దగ్గర జూలైలోనే అంతకంటే రెండు వందలు ఎక్కువ ఉంది. తగ్గింపు పోయినా, నేను పని మానేసినా, ఓవర్‌టైమ్ అక్కర్లేకుండా ఫెన్స్ అయిపోయేది. రెండు పెరళ్ళ మధ్య ఒక్క మాట. ఇటు ఒక మంచి మనిషి, అటు ఒక మంచి మనిషి. ఎదుటివాళ్ళు ఏమనుకుంటారోనని ఇద్దరూ చెయ్యి ఊపుకుంటూ ఉండిపోయారు. తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే. నేను ఒట్టు పట్టుకుని కూర్చున్నాను. నా జీవితంలో ఇంకేదీ అంత గట్టిగా పట్టుకోలేదు.

ఆ వారంలోనే హోమ్ నుంచి ఫోన్ వచ్చింది. ఒక మంచం ఖాళీ అయింది, వచ్చే నెల ఒకటో తారీకు నుంచి ఇవ్వగలం అన్నారు. మామయ్య సరే అన్నాడు.

"మామయ్యా, నేనుంటాను ఇంట్లో" అన్నాను. "పగలంతా ఉంటాను. సాయంత్రం నువ్వొచ్చాక ఏదైనా పని చూసుకుంటాను. ఫెన్స్ నేను కడతాను. తాతయ్యని పంపొద్దు."

మామయ్య కోపంగా అడగలేదు. అందుకే ఇంకా తగిలింది. "ఎన్నాళ్ళుంటావురా?"

"ఎన్నాళ్ళయినా."

"ఎక్కడైనా నాలుగు నెలలు దాటి ఉన్నావా నువ్వు?"

గ్యాస్ స్టేషన్ నుంచి వేళ్ళ మీద లెక్కపెట్టాను. ఎక్కడా లేను.

"నువ్వు ఒక మధ్యాహ్నం విసిగిపోయి వెళ్ళిపోతే ఆయన రోడ్డు మీద ఉంటాడు. నేను ఫ్యాక్టరీలో ఉంటాను. ఎవర్ని అడగను?" అన్నాడు. తర్వాత మొహం రెండు చేతుల్లో పెట్టుకున్నాడు. "ఆవిడ ఉంటే నేను పంపేవాణ్ణి కాదురా. నీకు తెలుసు."

తెలుసు.

ఫెన్స్ మాత్రం కడతానన్నాను. ఎందుకని ఆయనా అడగలేదు. పోయిన శనివారం అత్తయ్య డబ్బూ వాల్టర్ చెక్కూ కలిపి కలప తెచ్చాను, మానేసిన చోటునుంచే, మామూలు ధరకి. సూపర్‌వైజర్ నన్ను చూసి "హలో చీఫ్" అన్నాడు. హలో అన్నాను. వాల్టర్ తన ట్రక్కు ఇచ్చాడు. ఆదివారం తెల్లవారి ఇద్దరం గుంటలు తవ్వడం మొదలుపెట్టాం. డెబ్భై ఏళ్ళ మనిషి, వద్దంటే వినకుండా సిమెంటు కలిపాడు. మామయ్య కాసేపు కిటికీలోంచి చూసి, తర్వాత తనూ వచ్చి బస్తాలు మోశాడు. తాతయ్య మా మధ్య తిరుగుతూ, ప్రతి గుంటలోకీ వంగి చూస్తూ, "లోతు చాల్లేదు" అంటూ వచ్చాడు. ఒకటి రెండు చోట్ల నిజంగానే చాల్లేదు.

సిమెంటు పోశాక స్తంభం కదలకుండా రెండు వైపులా ముక్కలు కొట్టి ఆనించాలి. తొమ్మిదింటికి అలా చేశాం. పదోదానికి ముక్కలు అయిపోయాయి. "తాతయ్యా, నేను కర్ర ముక్క కోసుకొచ్చేదాకా దీన్ని నిటారుగా పట్టుకో. కదిలించకు. అత్తయ్య కట్టించమన్న దడి ఇది" అన్నాను. ఆ ఆఖరి మాట ఎందుకన్నానో తెలీదు. నోట్లోంచి వచ్చేసింది.

తాతయ్య రెండు చేతులతో స్తంభాన్ని పట్టుకున్నాడు. నేను ముక్క తెచ్చి కొట్టాను. "చాలు తాతయ్యా, ఇంక వదిలెయ్" అన్నాను. వదల్లేదు. "గట్టిపడింది నాన్నా, వదిలెయ్యండి" అన్నాడు మామయ్య వచ్చి. తాతయ్య తల అడ్డంగా ఊపాడు.

"అమ్మాయి రానీ. ఒంకర ఉందేమో చూసి చెప్తుంది."

మామయ్య లోపలికి వెళ్ళిపోయాడు. వాల్టర్‌కి మాట అర్థం కాలేదు. తన ఫ్లాస్కు మూతలో కాఫీ పోసి తాతయ్య నోటి దగ్గర పెడితే, చేతులు తియ్యకుండానే తాగాడు.

ఒకటో తారీకుకి ఇంకా పదకొండు రోజులుంది. చెక్కలు ఇంకా కొట్టలేదు. డెబ్భై రెండడుగుల పొడుగునా పది కర్రలు నిలబడి ఉన్నాయి, వాటి మధ్యంతా ఖాళీ. అవతల వాల్టర్ పెరడు, దాని అవతల వీధి, ఎండలో మెయిల్‌బాక్సులు. ఎటు కావాలంటే అటు వెళ్ళిపోవచ్చు, ఆపేదేమీ లేదు. తాతయ్య ఆ చివరి స్తంభాన్ని రెండు చేతులా పట్టుకుని, మొహం మా ఇంటి తలుపు వైపు తిప్పుకుని, కదలకుండా నుంచున్నాడు.